తెల్లకొంగ తిప్పు

బాలకుమారి చెట్టు చాటున నిలబడి విద్య నేర్చుకుంటోందని మొట్టమొదట కనిపెట్టినవాడు ఆమె భర్త ఆనందబాబే. వాన పడుతోంది కదా అని గొడుగు పట్టుకుని పార్కుకి వస్తే, అరవై దాటిన ఆయన పెళ్ళాం రెయిన్‌కోటు తొడుక్కుని, పెద్ద దేవదారు చెట్టు మొదలు పక్కన మోకాళ్ళు కాస్త వంచి, రెండు చేతులూ రెక్కల్లా విప్పి నిలబడి ఉంది. చూపు మాత్రం దారికి అవతల, పిక్నిక్ షెడ్డు కింద ఉన్న చైనా పెద్దాయన మీద ఉంది. ఆయన చెయ్యి లేస్తే ఈమె చెయ్యి లేస్తోంది. ఆయన ఊపిరి వదిలితే ఈమె ఊపిరి వదులుతోంది.

"ఏం బాలా, వాకింగుకని చెప్పొచ్చి చెట్టు చాటున ట్యూషనా?"

"ష్! మెల్లిగా. ఆయనకి వినపడుతుంది."

"వినపడితే ఏం? ఫీజు కట్టమంటాడనా?"

"మీరు ముందు ఇంటికెళ్ళి కుక్కరు పెట్టండి. ఆ గొడుగు అడ్డం తియ్యండి, కాళ్ళు కనపడట్లా."

ఆనందబాబు గొడుగు తీసేసి తడుస్తూనే ఇంటికి పోయాడు. వాంకూవర్‌లో శీతాకాలమంతా పడే వాన అది. దానికి తొందరా లేదు, కోపమూ లేదు.

ఆసుపత్రి సర్జరీ వార్డులో నర్సుగా ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి బాలకుమారి మోకాళ్ళు అరిగిపోయాయి. రిటైరయ్యాక డాక్టరు నడవమన్నాడు. నడక ఆమెకి విసుగు. వార్డులో నడిస్తే ఆ చివర ఒక పేషెంటైనా ఉండేవాడు, ఇక్కడ ఆ చివర ఏముంది, మళ్ళీ ఇటు రావడం తప్ప. అలా విసుక్కుంటూ నడుస్తున్న ఒక పొద్దున ఆ పెద్దాయన పాదం కనబడి ఆగిపోయింది.

ఆయన అడుగు ఎత్తి వెయ్యడం లేదు, జరుపుతున్నాడు. వెనక పాదం నేల విడవకుండా ముందు పాదం దగ్గరికి వచ్చి, దాన్ని పలకరించినట్టు ఆగి, అక్కణ్ణించి నెలవంకలా వంపు తిరిగి ముందుకెళ్ళి నాటుకుంటోంది. బాలకుమారి పుట్టింది నరసాపురం అవతల గోదావరి లంకలో. నాట్ల రోజుల్లో బడికి అడ్డదారిన పోవాలంటే మడిలో దిగి నడవాలి. పాదం ఎత్తితే బురద లాగేస్తుంది, చెప్పు పోతుంది, ఒక్కోసారి మనిషే బోర్లా పడుతుంది. జరుపుకుంటూ పోతే ఏమీ కాదు. అది ఎవరూ నేర్పక్కర్లేదు, అక్కడ పుట్టిన పాదానికి వచ్చేస్తుంది. "ఈయనది మన బురద నడకేనే" అనుకుంది. ఆ మాట అనుకున్నాక ఇక కదల్లేకపోయింది.

మూడడుగులు అలా వేసేవాడు. చేతులు కొంగ రెక్కల్లా విచ్చుకునేవి, ముక్కులా మూసుకునేవి. తర్వాత వెనక్కి తిరిగేవాడు. ఆ తిరగడమే ఆమెకి మొదట మింగుడు పడలేదు. అంతసేపూ నేలనంటుకుని ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒక పిర్ర మీద కూలబడి, రెండో కాలు నేల వెంట బారుగా చాపి, గిర్రున తిరిగి లేచేవాడు. ఎనభై ఏళ్ళ మనిషి. చూస్తే గుండె జల్లుమనేది. పెళ్ళి భోజనాల్లో మన బంతిలో కూర్చున్న పరాయి మనిషిలా ఉండేది ఆ తిప్పు. అయినా మాస్టారు చేసేదాన్ని తప్పనడానికి తానెవరు? చెట్టు మొదలు పట్టుకుని నేర్చుకుంది. కొన్నాళ్ళకి చెట్టు అక్కర్లేకుండా పోయింది. మోకాళ్ళు ఒక్కోసారి మూలిగినా, నడుమూ తొడలూ గట్టిపడ్డాయి, మెట్లెక్కితే ఆయాసం లేదు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

కమ్యూనిటీ సెంటర్లో శనివారాలు తెలుగు పెద్దవాళ్ళు కలుస్తారు. టీ తాగి, మనవల ఫోటోలు చూపించుకుని, నొప్పులు చెప్పుకుని పోతారు. "నీ నడక మారిందేవిటే, ఏం మందు వాడుతున్నావు?" అని లక్ష్మీకాంతం అడిగింది. ఆవిడ అనకాపల్లి మనిషి, నోరున్న మనిషి, బాలకుమారికి ఈ ఊళ్ళో మొదటి స్నేహితురాలు. బాలకుమారి ఊరికే రెండడుగులు వేసి చూపించింది. చూపించాక అందరూ లేచి నిలబడ్డారు. ఇక ప్రతి శనివారమూ అదే.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని లక్ష్మీకాంతం భర్త అమరేశ్వరరావు అడిగాడు. రిటైరైన డ్యాముల ఇంజనీరు. ఏదైనా ఎక్కణ్ణించి పారివచ్చిందో తెలిస్తే గాని ఆయనకి నిద్రపట్టదు.

"మా మాస్టారి దగ్గరండీ" అంది బాలకుమారి. నోటి నుంచి జారిపోయింది. జారిన మాటని వెనక్కి తీసుకుంటే చెట్టు సంగతి చెప్పాలి. చెప్పలేదు.

"ఇదంతా మన దగ్గర్నించి పోయిందే. కంచి నుంచి బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు వెళ్ళి చైనావాళ్ళకి నేర్పాడు" అన్నాడు అమరేశ్వరరావు.

"మన దగ్గర్నించి పోయిందైతే ముందు మీరు వంగాలిగా" అంది లక్ష్మీకాంతం. "కళ్ళజోడు కిందపడితే నన్ను పిలుస్తారు."

అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూ మూడడుగులు వేసేవారు, తిప్పు తిరిగేవారు. తిప్పు దగ్గర కొందరు కుర్చీ పట్టుకునేవారు. లక్ష్మీకాంతానికి కుర్చీ నామోషీ. నామోషీ పడ్డ శనివారం ఆవిడ కూలబడిన చోటు నుంచి లేవలేకపోయింది. ఇద్దరు పట్టి లేపారు. సాయంత్రానికి మోకాలు నారింజకాయంత వాచింది.

బాలకుమారి చూడ్డానికి వెళ్ళింది. లక్ష్మీకాంతం సోఫాలో కాలు బార్లా చాపి, ఐసుగడ్డల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. "నీ తప్పేం లేదులేవే, నా రోషమే" అంటోంది. పక్కనున్న కోడలు చంద్రిక మాత్రం అలా అనలేదు. చంద్రిక ఫిజియోథెరపిస్టు.

"ఆంటీ, ఆ టర్న్ ఒక్కసారి చెయ్యండి, చూస్తా."

బాలకుమారి చేసి చూపించింది. చంద్రిక మొహం మారింది.

"ఇది ఏజ్ అయినవాళ్ళకి ఎవరూ నేర్పరాంటీ. అసలు ముందు మూవ్స్‌కీ దీనికీ సంబంధమే లేదు. ఏ స్టైల్ ఇది? మీ మాస్టర్ ఎవరు? ఆయన నంబరివ్వండి, నేను మాట్లాడతా."

"ఆయన... ఫోను వాడరమ్మా. నేనే కనుక్కుంటా."

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. ఎన్నో ఏళ్ళు వార్డులో ఒక్క మందు తప్పివ్వలేదు. మందు సీసా మీద పేరు చూడకుండా సూది పొడిచే నర్సుని ఆమె ఎప్పుడూ క్షమించలేదు. ఇప్పుడు పేరు తెలియని, ఊరు తెలియని మందు తీసుకెళ్ళి స్నేహితురాలి మోకాలికి ఎక్కించింది. శనివారం మళ్ళీ వస్తుంది. మిగతావాళ్ళంతా వచ్చి నిలబడతారు. వాళ్ళకేం చెప్పాలి?

"వెళ్ళి అడుగు" అన్నాడు ఆనందబాబు.

"ఏమని? ఏడాదిగా నీ విద్య ఎత్తుకుపోతున్నాను, కాస్త దాని పేరు చెప్పి పుణ్యం కట్టుకో అనా?"

"అంతేగా మరి. నువ్వడక్కపోతే ఆ చంద్రిక వచ్చి అడుగుతుంది. ఆ పిల్ల చెట్టు చాటున నిలబడే రకం కాదు."

మర్నాడు ఆ పెద్దాయన రాకముందే షెడ్డు దగ్గర కాచుకుందామని బాలకుమారి మామూలు కంటే ముందే వెళ్ళింది. కాని ఆయన అప్పటికే వచ్చేసి ఉన్నాడు. వాన తెరిపిచ్చింది. గడ్డి మీద కాకులు తప్ప ఎవరూ లేరు. ఆయన మూడడుగులు వేశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

కూలబడలేదు. కాలు చాపలేదు. ముందు పాదం మెల్లిగా అడ్డంగా జరిగింది, నడుము తలుపులా తిరిగింది, అంతే. బందుకి నూనె వేసిన తలుపు. చప్పుడు లేదు.

బాలకుమారి కాలి కింద పుల్ల విరిగింది. ఆయన తలెత్తి చూశాడు, చేతులు దించాడు. తర్వాత ఏమీ జరగనట్టు మొదట్నించీ మొదలుపెట్టి, మూడడుగులు వేసి, దబ్బున ఒక పిర్ర మీద కూలబడి కాలు చాపి గిర్రున తిరిగాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. దారి దాటి తిన్నగా షెడ్డు కిందికి వెళ్ళింది. ఇద్దరిదీ నేర్చుకున్న ఇంగ్లీషే. ఆయనది హాంకాంగ్ మీదుగా వచ్చింది, ఈమెది నరసాపురం మీదుగా. అయినా ఒకరిదొకరికి బాగానే అందింది.

"ఇందాక మీరు వేరేగా తిరిగారు."

"ఎప్పుడు?"

"నేను రాకముందు."

"నువ్వు రాకముందు నేనెలా తిరిగితే నీకెందుకు?" అన్నాడు ఆయన. కోపంగా కాదు, చదరంగంలో పావు జరిపినట్టు. "నేను నీకేమైనా నేర్పానా?"

"లేదు. నేనే దొంగిలించాను."

ఆ మాటకి ఆయన బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఖాళీ చూపించాడు. ఆయన పేరు లిమ్.

లిమ్ గారి ఊరు చైనాలో దక్షిణాన, ఫూజియన్ కొండల్లో యోంగ్‌చున్. ఈ విద్య అక్కడిది, తెల్లకొంగ విద్య. వాళ్ళ ఊళ్ళో చెప్పుకునే కథ ప్రకారం ఒక ఆడపిల్ల వెదురుగడతో కొంగని అదిలించబోతే, అది ఎగిరిపోకుండా గడని రెక్కతో పక్కకి తోసి నిలబడిందట. ఆ పిల్ల కొంగని చూసి చూసి నేర్చుకుంది. "అంటే మొదటిదీ దొంగతనమే" అన్నాడు లిమ్ గారు, కళ్ళు చిన్నవి చేసి. ఆమె వేసే మూడడుగుల ఆటకి పేరు సామ్‌చియన్, మూడు యుద్ధాలని అర్థం. మెట్ల పొలాలు, ఇరుకు సందులు, పడవలు ఉన్న చోట పుట్టిన విద్య. కాలెత్తితే పడతావు, అందుకని కాలు నేల విడవదు, పనంతా చేతులదే.

"మరి ఆ కూలబడే తిప్పు?"

"అది మాది కాదు. ఉత్తరాదిది. షాన్‌డాంగ్ వాళ్ళది. అక్కడ మైదానాలు, చలి, ఎండిన నేల. వాళ్ళు ఎగురుతారు, బారుగా తంతారు, నేలకి పడుకుని లేస్తారు. హాంకాంగ్‌లో మేం మేడ మీద నేర్చుకునేటప్పుడు పక్క మేడ మీద ఒక షాన్‌డాంగ్ ఆయన ఉండేవాడు. ఆయన దగ్గర తెచ్చుకున్నాను."

"తెచ్చి మీ దాంట్లో ఎందుకు పెట్టారు?"

"తాళం" అన్నాడు లిమ్ గారు. "మా మాస్టారు చెప్పారు, బయట ఎవరైనా నిలబడి చూస్తుంటే తిప్పు మార్చెయ్యమని. చూసినవాడు తప్పుది పట్టుకుపోతాడు. ఎక్కడైనా చేసి చూపించాడనుకో, మా ఊరివాడు చూస్తే పగలబడి నవ్వుతాడు. దొంగని ఇట్టే పట్టుకోవచ్చు."

బాలకుమారికి అర్థమైంది. కోనసీమ మనిషి తీరుగా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక్క ముక్క అనంతపురం యాసలో అంటే ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది తన ఆట, తెలిసినవాళ్ళకి. ఏడాది పాటు.

"ఈ పార్కులో ఎంతోమంది నిలబడి చూస్తారు. అందరికీ తాళం వేస్తారా?"

"చేతకానివాళ్ళకి తాళం ఎందుకు? నవ్వుకుని పోతారు. నువ్వు వచ్చిన మొదటి రోజే నీ పాదం చూశాను. అది నేర్చుకున్న పాదం కాదు. మీ ఊళ్ళో నీళ్ళుంటాయా?"

"చుట్టూ నీళ్ళే. నది మధ్యలో ఊరు."

"అనుకున్నాను. అందుకే భయపడ్డాను."

ఆమెకి లోపల ఎక్కడో సంతోషం వేసింది. దాన్ని తొక్కిపెట్టి, లక్ష్మీకాంతం సంగతి చెప్పింది. శనివారాల సంగతి, మా మాస్టారని కోసిన కోత, చంద్రిక అడిగిన ప్రశ్న, అన్నీ చెప్పింది. లిమ్ గారు అంతా విని అడిగాడు.

"ఎంత వాచింది?"

ఆమె వేళ్ళతో చూపించింది.

ఆయన వంగి తన ప్యాంటు కుడి కాలు పైకి లాగాడు. మోకాలికి పట్టీ చుట్టి ఉంది, పట్టీ చుట్టూ ఉబ్బు. నర్సు కంటికి వేరే చెప్పక్కర్లేదు.

"ఏమిటిది?"

"నీ వల్లే" అన్నాడాయన. "రోజూ నీకోసం ఆ తిప్పు తిప్పాలి కదా. వానొస్తే మానేస్తావనుకున్నాను, మానలేదు. మంచు పడితే మానేస్తావనుకున్నాను, టోపీ పెట్టుకుని వచ్చావు. నువ్వు మానితే నేనూ మానేద్దునని ఏడాదిగా చూస్తున్నాను."

బాలకుమారికి నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు, మోకాలు పట్టుకుని. కాకులు లేచిపోయాయి.

"అయితే ఆ తలుపు తిప్పు చెప్పండి. మావాళ్ళకి అది నేర్పుతా."

లిమ్ గారి నవ్వు ఆగింది. "అది చెప్పలేను. మూడడుగులతో ఆపెయ్యమను. మోకాళ్ళు బాగానే ఉంటాయి."

"మూడడుగులకి గోడ వచ్చేస్తుంది లిమ్ గారూ. తిరక్కపోతే మావాళ్ళంతా గోడకి మొహం పెట్టి నిలబడాలి."

"మా మాస్టారికి మాటిచ్చాను. టీ ఇచ్చినవాళ్ళకే అసలు తిప్పు. ఆయన ఫోటో ముందు అగరొత్తి వెలిగించి, దండం పెట్టి, టీ ఇచ్చి, లోపలి మనిషి కావాలి. అది మా పద్ధతి. ఊరికే ఇస్తే ఇన్నాళ్ళ ఈ మోకాలు ఎందుకు?"

ఇంటికి నడిచేంత దూరమూ ఆమెకి ఆ మాటే. చిన్నప్పుడు మిషన్ చర్చిలో పెరిగిన మనిషి. ఫోటోకి అగరొత్తి వెలిగించి దండం పెట్టడం ఆమె చేతికి రాదు. పెట్టినట్టు నటించడం అసలే రాదు. ఒక అబద్ధం ఎంత దూరం తెచ్చిందో చూసింది కదా.

"అదే చెప్పు" అన్నాడు ఆనందబాబు కూర తరుగుతూ. "నాకు ఇంతవరకే వచ్చని చెప్పు. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు."

"ఒప్పుకోకపోతే?"

"శనివారం వెళ్ళి మాస్టారు లేడు, చెట్టే ఉందని చెప్పు. లక్ష్మీకాంతం గారు నాలుగు తిడుతుంది. పడు."

పొద్దున్నే లేచి టీ పెట్టింది. అల్లం దంచి, పాలు మరగబెట్టి, పంచదార ఆమె చేతికొచ్చినంత వేసింది. ఫ్లాస్కు నింపాక గాని వాళ్ళ టీ వేరని గుర్తు రాలేదు. మళ్ళీ పెట్టే వ్యవధి లేదు. అదే పట్టుకుని వెళ్ళింది.

లిమ్ గారు ఫోటో తెచ్చాడు. అంటే నిన్న చెప్పలేనన్న మనిషి ఈ రోజు సిద్ధపడే వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టిన చిన్న పాత ఫోటో, బక్కపలచటి మనిషి, చెవులు పెద్దవి. దాన్ని బల్ల మీద చెట్టు కేసి చూస్తున్నట్టు నిలబెట్టాడు. జేబులోంచి అగరొత్తులు తీశాడు.

"లిమ్ గారూ, ఒక మాట. ఆయనంటే నాకు గౌరవం. తల వంచుతాను. అగరొత్తి వెలిగించి దండం పెట్టడం మాత్రం నాకు చేతకాదు. మా ఇంట్లో అలా పెరగలేదు. పెట్టినట్టు చేస్తే అది కూడా ఆ కూలబడే తిప్పులాంటిదే అవుతుంది."

లిమ్ గారు అగరొత్తుల కట్టని చేతిలో తిప్పుతూ ఫోటో వంక చూశాడు. తర్వాత షెడ్డు స్తంభానికి కొట్టిన బోర్డు వంక చూశాడు. పార్కులో నిప్పు వెలిగించరాదని ఉంది దాని మీద.

"ఎలాగూ కుదరదు" అని కట్ట జేబులో పెట్టేసుకున్నాడు. "టీ తెచ్చావా?"

బాలకుమారి ఫ్లాస్కు మూతలో టీ పోసింది. రెండు చేతులా పట్టుకుని, ఫోటో వైపు ఒకసారి తల వంచి, ఆయనకి అందించింది. ఆయన రెండు చేతులా అందుకుని ఒక గుక్క తాగాడు. ఆయన కనుబొమ్మలు పైకి వెళ్ళి చాలాసేపటిదాకా దిగలేదు.

"ఇది టీనా, పాయసమా?"

"మా ఊరి టీ అండీ."

"పాలు పోశావు."

"పోశాను."

"మా మాస్టారు దీన్ని టీ అనేవారు కాదు" అన్నాడు. అంటూనే మూత ఖాళీ చేశాడు. వేళ్ళతో అంచు తుడిచి ఆమెకి తిరిగిచ్చాడు. "సరే. వెనక్కి రా. చెట్టు దగ్గర కాదు, ఇక్కడ, నా వీపు వెనక. లోపలి మనిషి చోటు అది."

ఏడాదిగా చూస్తున్న మనిషి వీపుని బాలకుమారి మొదటిసారి ఇంత దగ్గర్నుంచి చూసింది. ఊపిరి ఎక్కడ మొదలవుతోందో అక్కడ కనబడింది. మూడడుగులు. ముందు పాదం అడ్డంగా జరిగింది. తలుపు తిరిగింది. ఆమె మోకాలు ఒక్క మాట అనలేదు.

శనివారం కన్నా ముందే లక్ష్మీకాంతం ఇంటికి వెళ్ళి, చంద్రిక ఎదురుగానే, చెట్టు దగ్గర్నుంచి టీ దాకా చెప్పింది. లక్ష్మీకాంతం నాలుగు కాదు, పది తిట్టింది. తిట్టి, "మరి ఆ అసలు తిప్పేదో చూపించు, చస్తున్నాం ఇక్కడ" అంది. చంద్రిక చూసి, "ఇది ఓకే ఆంటీ" అంది. అమరేశ్వరరావు మాత్రం యోంగ్‌చున్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"ఆడపిల్ల కొంగని చూసి నేర్చుకుందా? మరి బోధిధర్ముడు?"

"ఆ పిల్ల ఊరి మీదుగా పోలేదులెండి ఆయన" అంది లక్ష్మీకాంతం.

వాళ్ళకి చూపించడానికి ఒప్పుకుంటూ లిమ్ గారు ఒకే షరతు పెట్టాడు: గదిలో నేర్పేటప్పుడు తలుపు వేసుకోవాలి. ఇప్పుడు శనివారం టీ అయ్యాక ఆఖరున లేచినవాళ్ళు తలుపు వేస్తారు. అమరేశ్వరరావు గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూస్తాడు.

వసంతం వచ్చింది. చెర్రీ చెట్లు పూశాయి. ఒక పొద్దున బాలకుమారి లిమ్ గారి వీపు వెనక నిలబడి మూడో అడుగు వేస్తుండగా, కంటి కొసన ఏదో కదిలింది. దేవదారు చెట్టు పక్కన ఒక పంజాబీ ఆవిడ. సల్వారు మీద స్వెట్టరు, కాళ్ళకి కొత్త బూట్లు. ఆ చెట్టు మొదలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి రెక్కలా విప్పి చూస్తోంది. పాదం నేల విడవడం లేదు. ఎక్కడి నీళ్ళ పక్క పుట్టిందో గాని, చక్కగా జరుపుతోంది.

లిమ్ గారి వీపు ఒక్క క్షణం ఆగింది. తలుపు తిరగలేదు. ఆయన పక్కకి ఒరిగి, కాలు బారుగా చాపాడు. ఆలోచించే వ్యవధి లేకుండా బాలకుమారి ఒళ్ళు కూడా ఆయనతోపాటే ఒరిగింది, కాలు చాచింది, తిరిగింది, లేచింది. ఇద్దరూ ఒక్కలాగే. తాళం పడింది.

లేచాక గాని ఆమెకి తెలియలేదు, ఈసారి ఎవరి పిర్రా నేలకి దిగలేదని. అదే తిప్పు, అదే చాపడం, కాని కుర్చీలో కూర్చున్నంత ఎత్తులోనే తిరిగారు. అలాంటి తిప్పు యోంగ్‌చున్‌లోనూ ఉండదు, షాన్‌డాంగ్‌లోనూ ఉండదు.

"ఎత్తుగా తిప్పారేం?" అని గొణిగింది.

"తప్పుది పట్టుకుపోతే చాలు" అన్నాడు లిమ్ గారు వెనక్కి తిరగకుండానే. "ఆవిడ మోకాలి పాపం మనకెందుకు?"

చెట్టు దగ్గర పంజాబీ ఆవిడ, మొదలు గట్టిగా పట్టుకుని, ఎత్తుగానే కాలు చాచి మెల్లిగా తిరిగింది. బాగానే తిరిగింది.